ఇంటిపేరును, పింగళివారును

క్రొత్తవారు మన యింటికి వచ్చినప్పుడు కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి కూర్చుండబెట్టిన పిదప పెద్దలడుగు మొదటి ప్రశ్న యేది? "మీ యింటిపేరేమి?" యనియే కదా! వచ్చినవారి పేరు తెలియుటకు ముందే వారి యింటిపేరు తెలియవలెను. అది తెలిసిన పిమ్మట, "అయ్యో! ఆ యింటిపేరువారు మా మేనత్తగారికి దగ్గఱివారు" అనియో, "ఆ పేరుగల పండితుడొకడుండెను, ఆయన మీకేమగును?" అనియో మాట సాగును. పాశ్చాత్యులలో మనిషి పేరు ముందు, వంశనామము వెనుక. మనకట్లు గాదు. ఇల్లు ముందు, మనిషి తరువాత.

ఈ యింటిపేళ్లలో ననేకములు ఊళ్లనుండి పుట్టినవి. కందుకూరివారికి కందుకూరును, తాళ్లపాకవారికి తాళ్లపాకయు మూలమని పేరే చెప్పుచున్నది. కొన్ని వృత్తిని బట్టియు, కొన్ని పూర్వులలో నొకని గుణమును బట్టియు నేర్పడినవి. ఒకే యింటిపేరుగలవారెల్లరు ఒకే కుదుటినుండి వచ్చినవారని చెప్పుటకు వీలులేదు. ఒకే యింటిపేరును వేఱ్వేఱు కులములవారు, వేఱ్వేఱు గోత్రములవారు ధరించుటయు గలదు. అయినను ఆ పేరు విన్నంతనే మన మనస్సు చుట్టఱికమును కల్పించుకొనును.

మా యింటివారు ఉపాధ్యాయులు. వారి తరగతి హాజరుపట్టీలో ఒకే యింటిపేరు గలవారు మువ్వురు బాలురున్నయెడల, ఒకడు పరీక్షలో మొదటివాడుగను, ఒకడు చివరివాడుగను ఉండుట సాధారణమే. చివరివానిని జూచి "అంతటి యింటిపేరు పెట్టుకొని యిట్లు చేసితివేమి?" యని మందలించువారు కలరు. ఇంటిపేరు నిజముగ మనిషికేమైన నిచ్చునా? లేక మనిషియే దానికి విలువ యిచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై, తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధి గాంచిన "పింగళి" అను నింటిపేరును గైకొని, దానిని ధరించిన నలుగురను ఇచ్చట పరిచయము చేయుచున్నాము. ఒకరు ప్రాచీనకవి, ఒకరు జాతీయపతాక నిర్మాత, ఒకరు విశ్వవిద్యాలయాచార్యులు, ఒకరు చలనచిత్ర రచయిత. వారిలో ఎవరికెవరు బంధువులో నిర్ణయించుట మా యుద్దేశము గాదు. ఒక్కొక్కరి చేతిలో ఆ యింటిపేరు ఎట్టి గతిని బొందెనో చూచుటయే మా యుద్దేశము.

కవి పింగళి సూరన

సూరన 16వ శతాబ్దపు కవి. ఆయన రచించిన కావ్యములలో మూడు మనకు ముఖ్యములు: రాఘవపాండవీయము, కళాపూర్ణోదయము, ప్రభావతీ ప్రద్యుమ్నము. మొదటిది ద్వ్యర్థి కావ్యము. అనగా ఒకే పద్యమును ఒక తీరున విడదీసి చదివిన రాముని కథయు, మఱొక తీరున విడదీసి చదివిన పాండవుల కథయు వచ్చును. ఒక పద్యమున నిట్లు కూర్చుటయే కష్టము. కావ్యమంతయు నడపుట యెంతటి పని!

కళాపూర్ణోదయము ఎవరి పురాణమునుండియు గ్రహింపక తన యూహతోనే కవి కల్పించిన కథ. అందు సుగాత్రీ శాలీనుల వృత్తాంతమును స్త్రీలు తప్పక చదువవలెను. ఇంటివారు సుగాత్రికి నగలన్నియు దిగవేసి, అలంకరించి పంపినన్నాళ్లు సిగ్గరియైన శాలీనుడు ఆమెను కన్నెత్తియైన చూడలేదు. ఆమె ఆ యలంకారముల నెల్ల విడిచి, తోటలో అతనితోపాటు పనికి చేయి కలిపిన నాడు అతని మనస్సు కరగెను. నాలుగు వందల యేండ్లకు పూర్వము ఒక పురుషుడు, అందును రాజాస్థానములతో సంబంధము గల కవి, దాంపత్యమునుగూర్చి యింత సూక్ష్మముగ తలపోసెనన్న మనకు ఆశ్చర్యము కలుగకమానదు. ఈ కావ్యము 2002లో ఆంగ్లమునకు అనువదింపబడి అమెరికాలో ప్రకటింపబడినది. అనువాదకులు వెల్చేరు నారాయణరావుగారును, డేవిడ్ షుల్మన్‌గారును.

కళాపూర్ణోదయమును సూరన నంద్యాల కృష్ణమరాజునకు అంకితమొసగెను. కాని ప్రభావతీ ప్రద్యుమ్నమును ఏ రాజునకు నీయలేదు. తన తండ్రియైన అమరనకు అంకితము చేసెను. రాజునకిచ్చిన అగ్రహారము వచ్చును, తండ్రికిచ్చిన ఏమి వచ్చును? వంశఋణము కొంత తీరును. సూరన తన యింటిపేరు నుండి వెలుగును తీసికొనుటయే గాక దానికి వెలుగు నిచ్చిన కొడుకు. నేడు పింగళి యనగానే సాహిత్యము నెఱిగినవారికి మొదట తోచునది ఆయన పేరే.

పతాకనిర్మాత పింగళి వెంకయ్య

ఇక మూడువందల యేండ్లు దాటి రావలెను. 1876వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీన కృష్ణాజిల్లాలోని భట్లపెనుమఱ్ఱు గ్రామమున వెంకయ్యగారు జన్మించిరి. యౌవనమున సైన్యమునజేరి దక్షిణాఫ్రికాకు పోయిరి. తిరిగివచ్చి అనేక విద్యలయందు కృషి చేసిరి. ఈయన యింటిపేరు విషయమున ఒక వింత జరిగెను. జపాను భాష నేర్చి అందుపన్యసింపగా జనులు "జపాను వెంకయ్య" యనిరి. ప్రత్తి పంటపై పరిశోధనలు చేయగా "ప్రత్తి వెంకయ్య" యనిరి. భూగర్భశాస్త్రమున వజ్రముల జాడ వెదకగా "వజ్రాల వెంకయ్య" యనిరి. తండ్రి యిచ్చిన యింటిపేరు అట్లే యుండగా, ఆయన చేసిన పనులు మూడు క్రొత్త యింటిపేళ్లను సంపాదించిపెట్టినవి. ఇట్టి భాగ్యము ఎందఱికి గలుగును?

పతాకమునుగూర్చిన యాలోచన ఆయనను చాలకాలము వెంటాడెను. 1916లో భారతదేశమునకు ఒక జాతీయపతాకము కావలెనని చెప్పుచు, దానికి తగిన నమూనాలతో ఆంగ్లమున ఒక చిన్న పుస్తకమును ప్రకటించిరి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీమహాత్ముని కోరికపై ఎఱుపు, ఆకుపచ్చ రంగుల నడుమ రాట్నముగల జెండాను చిత్రించి యిచ్చిరి. పిదప గాంధీగారి సూచనచే తెలుపు చేరెను. 1931లో కాంగ్రెసు ఆ రంగులను కాషాయము, తెలుపు, ఆకుపచ్చగా స్థిరపఱచెను. 1947వ సంవత్సరము జూలై 22వ తేదీన రాజ్యాంగసభ రాట్నమునకు బదులు అశోకచక్రమునుంచి నేటి పతాకమును అంగీకరించెను. వస్త్రము ఒక చేత మొదలై పలువురి చేతులలో నేయబడినట్లు ఈ జెండాయు అనేకుల ఆలోచనతో నేటి రూపమును దాల్చెను. మొదటి పోగు దీసినవారు వెంకయ్యగారు.

ఇంత చేసినవారి చివరి దినములు విజయవాడలో లేమియందు గడచినవి. 1963వ సంవత్సరము జూలై 4వ తేదీన కన్నుమూసిరి. 2009లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువడెను. ఉన్నప్పుడు పట్టెడన్నమునకు వెదకుకొనిన యింటిపేరు, పోయిన నలుబదియాఱేండ్లకు ఉత్తరములపై నెక్కెను. మన లోకపు తీరు ఇట్టిది.

ఆచార్య పింగళి లక్ష్మీకాంతము

లక్ష్మీకాంతముగారు 1894లో కృష్ణాజిల్లాలో పుట్టి బందరులో చదువుకొనిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులు. అచ్చట వారికి కాటూరి వేంకటేశ్వరరావుగారితో స్నేహము కుదిరెను. ఇద్దఱును కలసి కవిత్వము చెప్పిరి. లోకము వారిని "పింగళి కాటూరి కవులు" అని పిలిచెను. చూడుడు! ఇద్దఱి పేళ్లును పోయి రెండు ఇంటిపేళ్లును మిగిలినవి. ఆ రెండును ఒకదానికొకటి అంటుకొని ఒకే కవి పేరువలె నాయెను. రక్తసంబంధముచే గాక స్నేహముచే ఏర్పడిన ఇంటిపేరు ఇది.

వారి సౌందరనందము సంస్కృతమున అశ్వఘోషుడు చెప్పిన నందసుందరుల కథను గైకొని తెలుగున రచింపబడినది. బుద్ధుని తమ్ముడైన నందుడు భార్యయైన సుందరిని విడిచి సన్న్యసించుట అందలి కథ. మగనిని ధర్మము పిలుచుకొనిపోయినచో ఇంట మిగిలిన యిల్లాలి గతియేమి? ఈ ప్రశ్న స్త్రీలమైన మనకు పాతది కాదు. లక్ష్మీకాంతముగారు 1931నుండి ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు బోధించిరి. 1972లో పరమపదించిరి. ఆంధ్రసాహిత్యచరిత్ర వ్రాసిన పండితునకు సూరన ప్రసక్తి తప్పునా? ఒక పింగళివారి కవిత్వమును మఱొక పింగళివారు విలువకట్టుట ముచ్చటగ నున్నది.

చలనచిత్ర రచయిత పింగళి నాగేంద్రరావు

నాగేంద్రరావుగారు 1901లో బొబ్బిలి ప్రాంతమునందలి రాజాములో పుట్టి, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుకొనిరి. కొంతకాలము రైల్వేలో ఉద్యోగము చేసిరి. వింధ్యరాణి మొదలగు నాటకములు వ్రాసిరి. పిదప వెండితెఱకు పోయిరి. పాతాళభైరవి (1951), మాయాబజారు (1957) చిత్రములకు మాటలును పాటలును వారివే. మిస్సమ్మ (1955), గుండమ్మకథ (1962) చిత్రములలోని పాటలను వంటయింటిలో కూనిరాగము తీయని యిల్లాలు తెలుగునాట నరుదు.

నాగేంద్రరావుగారి ప్రతిభ మాటలను పుట్టించుటలో నున్నది. "అస్మదీయులు" అను సంస్కృతపదమును రాక్షసుల నోట పడవేసి "అసమదీయులు" గావించి, దానికి జోడుగా "తసమదీయులు" అను వింతమాటను సృష్టించిరి. కంబళికి తోడుగా "గింబళి" పుట్టెను. ఇవి నిఘంటువుల కెక్కక మునుపే పిల్లల నాలుకల కెక్కినవి. ఆయన పెండ్లి చేసికొనలేదు. 1971లో మరణించిరి. ఇంటిపేరు నిలుపుటకు కొడుకు కావలెనని మన పెద్దలందురు. సంతానము లేని ఈయనను చిత్రసీమ నేటికిని ఒట్టి "పింగళి" యనియే పిలుచుచున్నది. ఇంటిపేరే ఆయన పేరైనది.

ఇప్పుడు ఈ నలుగురను ఒకచో నిలిపి చూతము. సూరన ఇంటిపేరునకు తన కావ్యముల కాంతిని చేర్చెను. వెంకయ్యగారికి చేసిన పనులే ఇంటిపేళ్లుగా మాఱినవి. లక్ష్మీకాంతముగారి యింటిపేరు స్నేహితుని యింటిపేరుతో కలసెను. నాగేంద్రరావుగారి యింటిపేరు వారి పేరునే మింగివేసెను. పింగళి యను మూడక్షరములు ఎవరికిని పద్యము నేర్పలేదు, జెండా గీయుట చూపలేదు. ఒక్కొక్కరును తమ చెమటతో దానికి అర్థము కల్పించుకొనిరి. కావున మా ప్రశ్నకు సమాధానము దొరకినదనియే తలచుచున్నాము. ఇంటిపేరు తాతముత్తాతలు వదలిపోయిన ఖాళీ పాత్ర. అందు ఏమి పోయుదుమో అది మన పని.

మఱి స్త్రీల మాట?

సోదరీమణులారా! ఇంతవఱకు చదివి వచ్చిన మీలో కొందఱికైనను ఒక సందేహము తోచియుండును. నలుగురును పురుషులే! ఆ యిండ్ల ఆడుపడుచులెచట?

వారు వేఱింటి పేళ్లలో కలసిపోయిరి. 2021లో వెంకయ్యగారి కుమార్తెను, అప్పటికే వృద్ధురాలైన యామెను, రాష్ట్ర ముఖ్యమంత్రి మాచెర్లకు వచ్చి సత్కరించిరి. జెండా గీసిన వెంకయ్యగారి సొంత బిడ్డయే గాని ఆమె యింటిపేరు పింగళి కాదు. ఎక్కడనో పుట్టి, ఏ సంబంధము నెఱుగని మఱొకరికి ఆ పేరు చెల్లును, కన్నబిడ్డకు చెల్లదు! దీనిని తప్పుపట్టుటకు గాదు, గమనించుటకు చెప్పుచున్నాము.

మా తాతగారు వ్రాసియుంచిన పుస్తకమొకటి మా పుట్టినింట కలదు. అందు ఏడు తరముల పురుషుల పేళ్లు వరుసగా గలవు. ప్రతి పేరునకు ప్రక్కన భార్య పేరు కలదు. కాని ఆ భార్య ఏ యింటి బిడ్డయో, ఆమెను కన్నతల్లి యెవరో ఒక్కచోట నైనను లేదు. అబ్బాయిల వరుస తాడువలె సాగుచుండ, అమ్మాయిలు దానికి అచ్చటచ్చట కట్టిన ముళ్లవలె మిగిలిరి.

ఇందుకొక ప్రసిద్ధమైన యుదాహరణమును చెప్పెదము. ప్రత్తి పరిశోధన చేయు దినములలో వెంకయ్యగారికి ఆదరణ నిచ్చిన మునగాల సంస్థానమునకు దివానుగా నుండినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. చరిత్రకారులు, విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిన మహనీయులు. 1877లో పుట్టి 1923లో గతించిరి. కొమర్రాజు అనగానే విద్యావంతులకు వారే స్ఫురింతురు. వారికి మూడేండ్లు పెద్దదైన యక్క యొకతె కలదు. ఆమెయు కొమర్రాజువారి బిడ్డయే. చిన్ననాడే పెండ్లి యగుటచే లోకము ఆమెను బండారు అచ్చమాంబ యని యెఱుగును.

అచ్చమాంబ బడికి పోలేదు. తండ్రి పోయిన పిదప తమ్ముడు తన యింట నుండి చదువుకొనుచుండ, అతనితోపాటు తానును చదువు నేర్చెను. తెలుగు, హిందీలే గాక మఱికొన్ని భాషలను స్వయముగా పరిశ్రమించి సాధించెను. మనవంటి గృహిణులు వంటపని తీరిన పిమ్మట తీరిక దొరకినంతలో చదువుకొను తీరునకు ఆమె మార్గదర్శిని. గార్గి, మైత్రేయి మొదలుకొని నేటివఱకు స్త్రీలలో మహనీయులెవరును లేరా యని తలచి, వారి చరిత్రలను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" యని 1901లో ప్రకటించెను. 1902లో బందరులో స్త్రీసమాజస్థాపనమున పాల్గొనెను. తెలుగున తొలి కథలు వ్రాసినది ఆమెయే యని నేటి విమర్శకులు పలువురు చెప్పుచున్నారు. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమున, కన్నుమూసెను. తన బిడ్డలను పోగొట్టుకొనిన తల్లి పరుల బిడ్డలకు చదువు చెప్పించు పనిలో జీవితమును వెచ్చించెను.

అక్కయు తమ్ముడును ఒకే తల్లి బిడ్డలు, ఒకే పనిని జేసినవారు. ఆయన దేశచరిత్రను వెదకెను, ఆమె స్త్రీల చరిత్రను వెదకెను. గ్రంథాలయపు పట్టికలో మాత్రము ఆయన "క" అక్షరముక్రిందను, ఆమె "బ" అక్షరముక్రిందను ఉందురు. ఎఱుగని బాలిక ఆ పట్టికను చూచినచో వీరిద్దఱును తోబుట్టువులని తలంచునా?

అయినను ఆ కథ అంతటితో ఆగలేదు. అచ్చమాంబ పోయిన మఱుసటి యేడు, 1906లో, లక్ష్మణరావుగారికి కుమార్తె కలిగెను. ఆమెకు మేనత్త పేరే పెట్టిరి. ఆ బాలిక పెద్దదై వైద్యవిద్య నభ్యసించి, విజయవాడలో ప్రసిద్ధ వైద్యురాలై, స్త్రీశిశుసంరక్షణకు పాటుపడెను. 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నుకొనబడెను. ఆమెను దేశము "డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ" యని యెఱుగును. మేనత్త విడిచిపోయిన యింటిపేరును మేనకోడలు నిలుపుకొనెను. ఒకే పేరు, ఒకే రక్తము. ఒక తరమున మాఱిన గుర్తు మఱొక తరమున నిలిచెను.

పెండ్లియైన స్త్రీ తప్పక ఇంటిపేరు మార్చుకొనవలెనని మన దేశమున ఏ శాసనమును నిర్బంధింపదు. నేడు మన కుమార్తెలలో కొందఱు పుట్టినింటి పేరుతోనే ఉద్యోగములు చేయుచున్నారు. కొందఱు మెట్టినింటి పేరును సంతోషముతో ధరించుచున్నారు. ఏది మేలని తీర్పు చెప్పుట మా పని గాదు. మెట్టినింటి పేరు మాకు బరువుగ నుండలేదు. అది మాకు మా బిడ్డలను, మా వంటయింటిని, మా పుస్తకములను ఇచ్చినది. కాని పుట్టినింటి పేరు చెఱిపివేయవలసిన తప్పుగాని, మఱచిపోవలసిన ఋణముగాని కాదు.

కావున మీకొక మనవి. మీ యింట లెక్కల పుస్తకమో, పురుళ్ల తేదీలు వ్రాసికొను పుస్తకమో ఏదియో యొకటి యుండును. దాని మొదటి పుటలో మీ పేరు వ్రాసి, ప్రక్కన మీ పుట్టినింటి పేరు వ్రాయుడు. దాని క్రింద మీ తల్లిగారి పేరును, ఆమె పుట్టినింటి పేరును వ్రాయుడు. అమ్మమ్మగారిదియు, ఆమె తల్లిదియు జ్ఞాపకమున్నంతవఱకు వ్రాయుడు. మీ యత్తగారిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఆమెది కూడ అడిగి వ్రాయుడు. పెద్దలున్నప్పుడే అడుగవలెను. వారు పోయిన పిదప ఆ పేళ్లు ఏ కచేరీలోను దొరకవు.

ఆ పుట నిండిన పిమ్మట మీ యమ్మాయిని పిలిచి చూపుడు. ఆమె ఏ యింటిపేరుతో జీవించినను, ఆ పేరు వెనుక ఎన్ని యిండ్లున్నవో తెలిసికొనును. ఆ యిండ్లలో ఏదియో యొకటి ఎన్నడో ఒక కవినో, ఒక వైద్యురాలినో లోకమున కిచ్చియుండవచ్చును. ఇయ్యకున్నను కొఱత లేదు. పింగళివారికిని మొదటి దినముననే కవులు లేరు. ఎవరో యొకరు మొదలుపెట్టవలెను. మన యింట ఆ మొదలు ఈసారి ఆడుబిడ్డవలననే యగునేమో, ఎవరెఱుగుదురు?